నీళ్ళు పోసే మనిషి

1946 ఫిబ్రవరి 3, నాగాయలంక దగ్గర

వెంకటపతి మేస్త్రీ నా బొమ్మ మొహాన్ని తాపీతో చదును చేసేశాడు.

భోజనానికి కిందికి దిగాను. తిరిగి పరంజా ఎక్కేసరికి మొహం లేదు. గోపురం రెండో అంతస్తులో ద్వారపాలకుడు. పైన కిరీటం ఉంది, కింద మెడ ఉంది, మధ్యలో అట్టులాగా నున్నగా ఉంది.

ఆ మొహం రేవులో పడవ నడిపే తాతది. నవ్వితే ఆయనకి ఒక పక్క పెదవే పైకి లేస్తుంది. ఆ పెదవి పట్టుకున్నాను. కింద నీళ్ళకి పోయే ఆడవాళ్ళు చూసి, ఓసి, మన పడవ తాతే అని గుర్తుపట్టి పకపకా నవ్వారు. మేస్త్రీకి మండింది అదే. దేవుడి గుమ్మం దగ్గర పడవవాడేంట్రా, ఇది గోపురమా రేవా అన్నాడు. ద్వారపాలకుడికి కోరలుండాలి, గుడ్లురమాలి, శాస్త్రం చదివావా అన్నాడు.

చదవలేదు. సున్నం కలపడానికి చేరినవాణ్ణి. మిగిలిన సున్నంతో ప్రహరీ వెనక బొమ్మలు చేసి చేసి నేర్చుకున్నాను. మొహాలు వీధిలో చూసి నేర్చుకున్నాను. వీధిలో ఎవడికీ కోరలు లేవండీ అన్నాను. ఎందుకు లేవురా, నాకున్నాయి, చూస్తావా అన్నాడు. పరంజా మీదున్న వాళ్ళందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇక గోపురం ఎక్కను. జనం మెడలు పడిపోయేలా తలెత్తి చూసే బొమ్మలు నాకొద్దు. మనిషికి ఎదురుగా, భుజం భుజం తగిలేంత దగ్గరగా, వీధిలో నిలబెడతాను బొమ్మని.

ఫిబ్రవరి 4

పడవలో ఉన్నాను. నీ మొహం పోయింది తాతా అని నేను కుమిలిపోతుంటే, నా మొహం నా దగ్గరే ఉందిగదరా, నీకెందుకు ఏడుపు అంటున్నాడు.

మార్చి 10, గుడివాడ

హమాలీ నిలబడ్డాడు! మిల్లుల వీధి మలుపులో, బస్తా వీపునేసుకుని, నా హమాలీ!

ఎలా అయిందో రాసుకోవాలి. ఇక్కడికొచ్చిన రోజున బియ్యం బస్తాలు మోసే హమాలీలు నన్ను మిల్లు అరుగు మీద పడుకోనిచ్చారు. గచ్చు పోయగా మిగిలిన సిమెంటు ఓ మూల గడ్డకట్టడం మొదలెట్టింది. యజమాని పారబొయ్యమన్నాడట. పర్మిట్ లేకుండా గరిటెడు సిమెంటు దొరకని రోజులివి, పారబొయ్యడమా! జల్లించాను. మంచిదంతా ఏరాను. చువ్వలు వంచి, తీగ చుట్టి, లోపల ఇటుక ముక్కలు కూరి, పైన పూత మొదలెట్టాను.

గుడిలో తెర కట్టుకుని పని చేస్తాం. వీధిలో తెరెక్కడిది? వచ్చేపోయే ప్రతివాడూ మేస్త్రీయే. ముక్కు లావన్నాడు సోడా బండివాడు. ఒక కాలు పొట్టన్నాడు జట్కావాడు, నీ గుర్రానికి చూసుకో ముందు అన్నాను. వెంకట్రామయ్య అని ముసలి హమాలీ ఒకాయన చాలాసేపు చూసి, వీపు అబద్ధం అన్నాడు. ఎలా అబద్ధమో చెప్పడానికి మాట దొరక్క, బస్తా ఎత్తించుకుని నా ముందు నిలబడ్డాడు. అప్పుడు కనిపించింది. బరువు కూర్చునేది వీపులో కాదు, మెడ కింద గుంటలో. చెక్కి మళ్ళీ కట్టాను. ఇక దించు బాబాయ్ అంటే, నువ్వు సరిగ్గా చూసిందాకా దించనన్నాడు.

ఇవాళ పూర్తయ్యింది. ఎవరూ దండం పెట్టలేదు. బొమ్మ భుజం మీద చెయ్యేసి బీడీలు వెలిగించుకున్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. ఇంకా చేస్తాను. ప్రతి ఊళ్ళో, ప్రతి మలుపులో!

ఏప్రిల్ 2, గుడివాడ

ఆనందరావు గారని బందరు ప్లీడరు. రైలు మారడానికి దిగి, ఖాళీ ఉందికదా అని ఊళ్ళోకొచ్చి, హమాలీని చూశాడు. ఎవడోయ్ చేసింది అని వెతుక్కుంటూ నా అరుగు దగ్గరికి వచ్చాడు. ఆయన బందరులో వార్డు కౌన్సిలరు. చిలకలపూడి పోయే దారిలో కొత్త కుళాయి వేయిస్తున్నాడు. దాని మీదికి గంగాదేవి బొమ్మ కావాలట. మొసలి మీద కూర్చోవాలట.

దేవతల్ని చెయ్యనండీ అన్నాను. ఏం, దేవతలు నీకేం అపకారం చేశారోయ్ అన్నాడు. దేవతలేం చెయ్యలేదండీ, వాళ్ళ మేస్త్రీలు చేశారు అన్నాను. గట్టిగా నవ్వాడు. మరి కుళాయి మీద ఏం పెడతావ్ అన్నాడు. నీళ్ళు పోసే మనిషిని పెడతాను అన్నాను. అప్పటికి నోటికొచ్చింది చెప్పాను, ఏం చేస్తానో నాకే తెలీదు.

సరే రా అన్నాడు. సిమెంటు పర్మిట్ తనే ఇప్పిస్తాడట. బందరు! పెద్ద ఊరు!

ఏప్రిల్ 21, బందరు

ఏలీయా అని నాకు సిమెంటూ ఇసకా మాలు కలిపే మనిషి. మాలపల్లి క్రైస్తవుడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మొదటి రోజు మేస్త్రీగారూ అన్నాడు, గారు తీసెయ్యమన్నాను, రెండో రోజుకి బావా అన్నాడు. నేనూ బావా అన్నాను. వాళ్ళావిడ ఎస్తేరు. ఆమెని అక్కా అంటున్నాను. అన్నం వాళ్ళింట్లోనే తింటున్నాను. ఈ వీధిలో కొందరికి అది గొంతు దిగట్లేదు. తినేది నేను కదా!

ఇవాళ బావకి గంజి తెస్తుందేమోనని చూస్తే ఎస్తేరు అక్క ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వీధి చివర బావి దగ్గరికి వెళ్ళాను. బావికి దూరంగా ఎండలో కూర్చుని ఉంది, పక్కన ఖాళీ కుండ. పల్లె ఆడవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళు బావిని తాకకూడదు. తోడుకునే వాళ్ళకి దయ కలిగితే, పైనుంచి ఎత్తి వీళ్ళ కుండల్లో పోస్తారు. దయ ఎప్పుడు కలుగుతుందో ఆ తల్లులకే తెలియాలి. ఒకావిడ తన బిందెలు నింపుకుని, వడియాలు ఎండబెట్టాలని గుర్తొచ్చి వెళ్ళిపోయింది.

రోజూ ఇంతేనా అక్కా అన్నాను. ఇవాళ నయం తమ్ముడూ, ఒకామె నిన్న సగం కుండ పోసి, కబుర్లలో పడి మిగతాది నా నెత్తిన పోసింది, తలంటు అయిపోయింది అంది. నవ్వుతోంది! ఆ నవ్వు చూశాక నాకు గంజి అక్కర్లేకపోయింది.

దొరికింది. ఎవరి కుండలో వాళ్ళు పట్టుకునే కుళాయి. దాని మీద ఎస్తేరు అక్క. ఇన్నాళ్ళూ చేతులు చాపి కూర్చున్న మనిషి కుండ వంచి ఊరందరికీ పోస్తుంది. కుండ మూతిలోంచి నిజం నీళ్ళు రావాలి. పైపు లోపల నుంచి, కాలి మడమలోంచి పైకి!

ఏప్రిల్ 22

నిద్ర పట్టలేదు. పైపు చేతిలోంచి పోతే చెయ్యి లావవుతుంది. నడుము మీదుగా తేవాలి.

మే 5

ఎంత పని! ఎంత బాగా వస్తోంది!

అక్క ముందు ఒప్పుకోలేదు. నన్నెందుకయ్యా, నా మొహం చూసి కుళాయి ఎండిపోతుంది అంది. బావకి భయం. వీధిలో వాళ్ళకి తెలిస్తే ఏమంటారో అంటాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. పనిలోకి మట్టి మోసే వంకతో అక్క వచ్చి నిలబడుతుంది, నేను చూస్తాను, చేస్తాను. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, ఒక కాలు ముందుకేసి, కుండ నడుముకి ఆనించి వంచుతుంది. దేవత ఎప్పుడన్నా చీర పైకి దోపుతుందా? అందుకే ఎవరూ పొరపడరు.

కుళాయి ఎదురింటి బసవయ్య గారు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని చూస్తారు. తోట్లవల్లూరు వైపు పొలాలు, ఇక్కడ మేడ. పెద్దమనిషి, మాట మెత్తన. ఆడమనిషికి నగలేవయ్యా అన్నారు. నీళ్ళు మోసేటప్పుడు నగలెందుకండీ అన్నాను. చిలకలపూడి గిల్టువైనా పెట్టవయ్యా, మన ఊరి పరువు అన్నారు. వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మే 19, తెల్లారి

కళ్ళు దిద్దాను!! నీళ్ళొచ్చాయి!!

క్రమంగా రాయాలి, చెయ్యి ఆగట్లేదు. గుడి పనిలో కళ్ళు చివరికి మిగుల్చుతాం. పక్కన నిలబడి దిద్ది, మొదటి చూపు అద్దంలో పడేలా బొమ్మ ముందు అద్దం పట్టి, కొబ్బరికాయ కొడతాం. గుడివాడలో ఇదేం లేదు, హమాలీ తల వంచుకుని ఉన్నాడు, కళ్ళు బస్తా నీడలో పోయాయి. ఇవాళ అక్క కళ్ళు దిద్దడానికి పుల్ల పట్టుకున్నానో లేదో, ఒళ్ళు దానంతటదే పక్కకి జరిగింది. ఇన్నేళ్ళ అలవాటు. ఎదురుగా నిలబడి దిద్దలేకపోయాను. అద్దం, అద్దం అని అరిచాను. బసవయ్య గారి భార్య కనకదుర్గమ్మ గారు వాకిట ముగ్గేస్తోంది. పరుగున లోపలికెళ్ళి అద్దం తెచ్చింది. తనే పట్టుకుంది. ఎవరో కొబ్బరికాయ కూడా తెచ్చారు. కొట్టేశాను! ఆ సంతోషంలో ఏం చేస్తున్నానో నాకేం తెలుసు? అప్పుడే పైపు వదిలారు. కుండ మూతి గుటగుటలాడి ఒక్కసారి దూకాయి నీళ్ళు! కనకదుర్గమ్మ గారు అద్దం చంకన పెట్టుకుని దండం పెట్టింది. అమ్మా తల్లీ అంది.

మొదటి కుండ పట్టుకున్నది ఎస్తేరు అక్క. బొమ్మ పోస్తోంది, అక్క పట్టుకుంటోంది. పక్కపక్కనే రెండు మొహాలు. ఎవరూ చూడలేదు. అందరూ నీళ్ళనే చూస్తున్నారు. బావ మాత్రం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మే 20

బొమ్మకి ఎవరో బొట్టు పెట్టారు. పోనీలే, ముచ్చటపడ్డారు.

మే 23

పసుపు పాదాలకి. మెడలో బంతిపూల దండ. చీర కుచ్చెళ్ళు దోపిన చోట కనపడకుండా ఎవరో జాకెట్టు గుడ్డ చుట్టారు. పూలు తీసేస్తుంటే ఒక ముసలమ్మ నా చేతి మీద కొట్టింది.

ఒప్పుకోవాలి, కొట్టినా బాగానే ఉంది. నేను చేసిన బొమ్మకి ఇంత ప్రేమ!

మే 24

అవనిగడ్డ నుంచి కబురు. సెంటర్లో బొమ్మ కావాలట, ఏదైనా సరే, నా ఇష్టమట! నా ఇష్టం! నాగలి పట్టిన మనిషిని చేస్తానన్నాను. ఇవాళే ప్రయాణం. వీధి బొమ్మల మేస్త్రీ అంటున్నారు నన్ను.

జూన్ 27, బందరు

నా బొమ్మ చుట్టూ ఇనపకమ్మీలు. గేటు. గేటుకి తాళం.

జట్కా దిగి అక్కడే నిలబడిపోయాను. కుళాయి లోపల, వీధి బయట. కమ్మీలకి పలక: అమ్మవారి సేవా సంఘం. పొద్దున్నే నీళ్ళొచ్చే వేళ తాళం తీస్తారు. స్నానం చేసి మడిగా వచ్చిన వాళ్ళని లోపలికి రానిస్తారు. పల్లె వాళ్ళని గేటు దగ్గరే ఆపేస్తారు. అమ్మవారి తీర్థం, మైలపడకూడదట. ఎస్తేరు అక్క మళ్ళీ బావి దగ్గర ఎండలో కూర్చుంటోంది. నేను లేని ఇన్నాళ్ళూ!

సంఘానికి పెద్ద బసవయ్య గారు. వెళ్ళి అరిచాను. ఆయన అరవలేదు. కూర్చోవయ్యా పాండురంగా అన్నారు, మజ్జిగ ఇప్పించారు. అది అమ్మవారు కాదండీ, మనిషి అన్నాను. అలాగంటే ఎలాగయ్యా, అద్దం చూపించింది ఎవరు, కొబ్బరికాయ కొట్టింది ఎవరు, నీ చేతుల మీదుగా అమ్మ కళ్ళు తెరిచింది, నువ్వు ధన్యుడివి అన్నారు. వెటకారం కాదు. నిజంగానే అంటున్నారు! నా కాళ్ళకి దండం పెట్టడానికి కూడా వెనకాడేలా లేరు. మజ్జిగ అక్కడే పెట్టి వచ్చేశాను.

పనికిమాలిన చేతులు. ఆ అద్దం ఎందుకు అడిగాను?

జూన్ 29

ఆనందరావు గారింటికి మూడోసారి. చట్టం ఉందోయ్, వీధి కుళాయి ఎవరికీ కాదనకూడదు అంటాడు. మరి తాళం తీయించండి అంటే, జనం భక్తి మీద చెయ్యి వెయ్యకూడదు, కొంచెం ఓపిక పట్టు అంటాడు. ఓపిక ఎవరు పట్టాలండీ, దాహం ఎవరికండీ అన్నాను. కోపంగా గడియారం చూసుకున్నాడు. చట్టం ఆయన అల్మైరాలో ఉంది. దానికీ తాళమే.

జులై 2

బద్దలు కొట్టేస్తాను. నేను చేశాను, నేనే కొడతాను. సమ్మెట తీసుకున్నాను. బావ అడ్డం పడ్డాడు. అక్క మాత్రం కూర్చున్న చోటునుంచి లేవకుండా, కొట్టు తమ్ముడూ, కొడితే పైపు పోతుంది, అప్పుడు వాళ్ళకీ రావు మనకీ రావు, మంచి తెలివి అంది.

పోనీ, అది ఎవరి మొహమో వీధిలో నిలబడి చెప్పేస్తాను, రోజూ ఎవరికి పసుపు రాస్తున్నారో తెలియనీ అన్నాను. బావ మొహం పాలిపోయింది. అక్క నవ్వడం మానేసింది. ఆ మాట నువ్వు చెప్తే, రాత్రికి మా పల్లె కప్పులు ఉండవు అంది. మొహం నాకెందుకు, దాన్ని వాళ్ళే ఉంచుకోమను, నాక్కావలసింది నీళ్ళు అంది.

సమ్మెట మూలన పెట్టాను. మాట ఇచ్చాను కూడా. ఇంకేం చెయ్యను?

జులై 9

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి.

పొద్దున్న నీళ్ళ వేళకి అక్క కుండతో తిన్నగా గేటు దగ్గరికి వెళ్ళింది. బావీ నేనూ వెనక. గేటు దగ్గర సంఘం మనిషి, ఎక్కడికే అన్నాడు. నీళ్ళకి అంది. తప్పుకో, తల్లికి మైల అన్నాడు. లోపల కనకదుర్గమ్మ గారు బొమ్మ పాదాలు కడుగుతోంది. గొడవకి తల తిప్పింది. అక్క కమ్మీలకి ఇవతల, బొమ్మ అవతల, ఒకే వరసలో. ఆవిడ అక్కని చూసింది. బొమ్మని చూసింది. మళ్ళీ అక్కని చూసింది. ఆ రోజు అద్దం పట్టింది తనే కదా, ఆ మొహాన్ని ఆవిడకంటే దగ్గరగా ఎవరు చూశారు? చేతిలో చెంబు జారిపోయింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గబగబా బిందె నింపి, కమ్మీల మీదుగా ఎత్తి, పట్టుకోమ్మా, పట్టుకో, రోజూ నేనే పోస్తాను, నిన్ను ఎండలో కూర్చోబెట్టను అంది. కళ్ళనిండా నీళ్ళావిడకి. మంచిదే, పాపం. పోసింది.

అక్క కుండ నిండింది. అక్క ఆ కుండని చూసింది. ఆ నీళ్ళని అక్కడే రోడ్డు మీద మెల్లగా వంచేసింది. చివరి బొట్టు దాకా. కుండ నడుముకి ఆనించి, ఒక కాలు ముందుకేసి! నా బొమ్మే కదిలొచ్చి పోసినట్టుంది. పోయించుకోవడం అయిపోయిందమ్మగారూ, పట్టుకోవడానికి వచ్చాను అంది. ఖాళీ కుండతో వెనక్కి తిరిగింది.

దారిలో బావ గొణుగుతూనే ఉన్నాడు, నిండు కుండ పారబోశావే అని. అక్క నా వైపు తిరిగి, తమ్ముడూ, నీకు అక్షరాలొచ్చుగా, వాళ్ళకి ఒక మాట రాయాలి అంది.

జులై 11

కాగితమైతే చింపుతారు. గోడ మీద సున్నంతో రాస్తే కడుగుతారు. అందుకని సిమెంటులో!

పర్మిట్ సిమెంటు కొంచెం మిగిలింది. గేటు ముందు రోడ్డు అంచున, లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా దాటాల్సిన చోట, పట్టపగలు పలక పోశాను. తడి మీద తాపీ మొనతో అక్షరాలు. అక్క చెప్తోంది, నేను చెక్కుతున్నాను. జనం మూగారు. ఒక్కో అక్షరం పడుతుంటే చదవడం వచ్చినవాళ్ళు పైకి చదువుతున్నారు. నా ఏ బొమ్మకీ ఇంత మంది నిలబడలేదు! మేం వచ్చేది ఆదివారం అని చెక్కబోతే, ఆదివారం వద్దు, ప్రార్థనకెళ్ళాలి, సోమవారం పెట్టు అంది.

బసవయ్య గారు వచ్చారు. మొత్తం చదివారు. ఆరకముందే చెరిపించెయ్యగలను తెలుసా అన్నారు. అక్క పలక పక్కన చతికిలబడింది. పల్లె ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఆయన కండువా నెత్తిన వేసుకుని, ఎండగా ఉంది, లోపలికి వెళ్తానని వెళ్ళిపోయారు. మేడ మీద కిటికీలో కనకదుర్గమ్మ గారు. ఎంతసేపు చూసినా కిటికీ వెయ్యలేదు.

జులై 12

సిమెంటు గట్టిపడాలంటే తడుపుతూ ఉండాలి. కుళాయి రెండడుగుల అవతల, తాళంలో. పల్లె ఆడవాళ్ళు కాలవ నుంచి కుండలతో తెచ్చి పలకని తడుపుతున్నారు. ఇటూ అటూ బిందెలతో పోయే వీధి ఆడవాళ్ళు పలకని తొక్కకుండా పక్కనుంచి పోతున్నారు. ఇవాళ ఒకామె ఆగి, తన బిందెలోంచి దోసెడు తీసి దాని మీద చల్లింది. ఎవరికీ ఏం చెప్పకుండా వెళ్ళిపోయింది.

గోటితో గీకి చూశాను. గీత పడలేదు. రాయి అయిపోయింది.

జులై 13

పలకలో ఉన్నది ఇది:

అమ్మవారి సేవా సంఘం వారికి. వీధి కుళాయికి తాళం వేశారు. తియ్యాలి. కమ్మీలు పీకాలి. మీ పూజలు మీరు చేసుకోండి. మాకు పొయ్యక్కర్లేదు, మా కుండలో మేమే పట్టుకుంటాం. జవాబు ఆదివారం పొద్దుగూకే లోపల కావాలి. నోటితో అక్కర్లేదు. తాళం తియ్యండి, అదే జవాబు. తియ్యకపోతే జులై 15 సోమవారం నీళ్ళొచ్చే వేళకి మేమందరం వస్తాం.

ఇట్లు,
ఎస్తేరు
ఏలీయా
పాండురంగ